చలితో కాపురం



కామారెడ్డికి, ఎల్లారెడ్డికి నడుమ తాడ్వాయి ఉంది. మండల కేంద్రమే అయినా పెద్ద ఊరేమీ కాదు. మే నెల వచ్చిందంటే చుట్టుపక్కల చెరువులు నెర్రెలు బారతాయి. మధ్యాహ్నం పూట రోడ్డు మీద మనిషి జాడ కనిపించదు. ఆ ఊరి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకున్న మాలావత్ పూర్ణ సరిగ్గా అలాంటి మే నెలలోనే, 2014 మే 25 పొద్దున, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి అప్పటికింకా ఎనిమిది రోజులుంది. పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండటానికి ఇంకో రెండు వారాలు పైనే ఉంది. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన అమ్మాయి అప్పటిదాకా ప్రపంచంలోనే లేదు.

ఈ కథ కామారెడ్డి జిల్లాలో అందరికీ తెలుసు. 2017లో రాహుల్ బోస్ దీన్ని హిందీ సినిమాగా కూడా తీశాడు. ఆ అమ్మాయి ధైర్యం గురించి చెప్పవలసినదంతా ఎందరో చెప్పారు. ఇందులో అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. శిఖరం మీద నిలబడటం కాసేపటి పని. ఆ కాసేపటి కోసం యాభై రెండు రోజులపాటు మంచులో బతకాలి. మంచులో వండుకోవాలి, తినాలి, నిద్రపోవాలి, చెమట పట్టిన బట్ట ఆరబెట్టుకోవాలి. నలభై డిగ్రీల ఎండలో పెరిగిన పిల్ల మంచుతో కాపురం చేయడం ఎలా నేర్చుకుంది? ఆ నేర్పు ఎక్కడెక్కడ ఉంది? మన ఊళ్ళలో దాన్ని పోలినది ఏముంది? ఈ ప్రసంగం దాని గురించే.

పూర్ణ సొంతూరు పాకాల. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలంలో ఉంది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. గురుకుల సంస్థకు అప్పట్లో కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సంక్షేమ పాఠశాలల పిల్లలకు పర్వతారోహణ నేర్పించాలని తలపెట్టారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన తెలుగువాడు శేఖర్ బాబు బచినేపల్లి ఆ పిల్లలకు శిక్షకుడయ్యారు. మొదటి పాఠం భువనగిరి కోట గుట్ట మీద జరిగింది. చలి అన్న మాటే లేని చోటు అది. ఏకశిల మీద ఎండకు కాలిన రాయిని పట్టుకుని ఎక్కడం, తాడు మీద బరువు వదిలి దిగడం, కింద ఉన్న మనిషిని నమ్మడం అక్కడ నేర్చుకున్నారు. అందులో నెగ్గినవాళ్ళు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు. టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ 1953లో ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడు పుట్టిన సంస్థ అది. అక్కడి నుంచి సిక్కింలోని రెనాక్ పర్వతం ఎక్కారు. ఆ తర్వాత నడి చలికాలంలో లద్దాఖ్. ఒక్కో మెట్టు దాటేకొద్దీ పిల్లల సంఖ్య తగ్గుతూ వచ్చి చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పూర్ణ, మరొకరు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్.

ఈ వరుసను కొంచెం జాగ్రత్తగా చూడాలి. రాయి, ఆ తర్వాత కొండ, ఆ తర్వాత మంచు. ఒంటికి చలిని ఒక్కసారిగా చూపించలేదు, విడతలు విడతలుగా అలవాటు చేశారు. లద్దాఖ్ చలికాలంలో రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నాకు చాలా దిగువకు పోతుంది. సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. బూట్లు బయట వదిలితే తెల్లారేసరికి కాలు దూరనంతగా బిగుసుకుపోతాయి. అక్కడి రాత్రులు గడిపినవాళ్ళకే ఎవరెస్టు కింది శిబిరంలో అడుగుపెట్టే అర్హత వచ్చింది.

నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కాలంటే పదహారేళ్ళు నిండి ఉండాలి. అందుకని ఈ బృందం టిబెట్ వైపు నుంచి, ఉత్తరపు దారిన వెళ్ళింది. గాలి ఈడ్చి కొట్టే దారి అది. వాళ్ళు ప్రయాణంలో ఉండగానే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్ దగ్గర మంచుచరియలు విరుచుకుపడి పదహారుమంది చనిపోయారు. అందరూ నేపాలీ పర్వత కార్మికులే, ఎక్కువమంది షెర్పాలు. టిబెట్ వైపున్నవాళ్ళకు ఆ వార్త చేరాక ముందుకు పోవాలంటే ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు.

ఎత్తుకు, చలికి ఉన్న లెక్క చాలా సూటిగా ఉంటుంది. స్థూలంగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. దక్కను పీఠభూమి మీద, అయిదు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో 30 డిగ్రీలుంటే ఆ లెక్కన శిఖరం మీద సున్నాకు ఇరవై నాలుగు డిగ్రీల దిగువన ఉండాలి. గాలి తోడైతే ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. పైగా శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడో వంతే ఉంటుంది. ఊపిరి పీల్చినా అందే ప్రాణవాయువు ఆ మేరకే.

అంత చలిలో ఒళ్ళు తన లెక్క తాను చూసుకుంటుంది. గుండె, మెదడు, కాలేయం వెచ్చగా ఉండాలి కాబట్టి చేతులకు, కాళ్ళకు పోయే నెత్తురును తగ్గిస్తుంది. అందుకే చలి దెబ్బకు ముందు పోయేవి వేళ్ళు, ముక్కు కొన, చెవులు. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చస్తుంది. దాహం తెలియదు. ఊపిరి విడిచిన ప్రతిసారీ ఒంట్లో తేమ పోతూనే ఉంటుంది. తాగే నీళ్ళు కావాలంటే స్టవ్ మీద మంచు కరిగించుకోవాలి, గిన్నెడు మంచుకు నీళ్ళు కాసినే వస్తాయి. కొండ మీద మనిషి చేసే పనిలో ఎక్కడం కంటే నీళ్ళు కాచుకోవడమే ఎక్కువ అనిపిస్తుంది. బట్టల సంగతి కూడా అంతే. ఒకటే మందపాటి కోటు పనికిరాదు. లోపల చెమట పీల్చి బయటికి పంపే పొర, దాని మీద వేడిని పట్టి ఉంచే ఉన్ని పొర, పైన గాలి దూరని పొర ఉండాలి. నడుస్తున్నప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి, ఆగినప్పుడు చలి పుట్టకముందే వేసుకోవాలి. ఒంటికి అంటుకున్న తడి నూలు బట్ట చలికి తలుపు తీసినట్టే. తాడ్వాయి హాస్టల్లో నూలు గౌనుతో తిరిగిన పిల్ల ఇదంతా చదివి నేర్చుకోలేదు. ఒక్కో రాత్రి ఒక్కో పాఠంగా ఒంటితోనే నేర్చుకుంది.

పూర్ణ ఆ తర్వాత ఆగలేదు. ఆఫ్రికాలో కిలిమంజారో, రష్యాలో ఎల్‌బ్రస్, దక్షిణ అమెరికాలో అకోంకాగువా, ఇండోనేషియాలో కార్స్‌టెన్జ్, 2019 డిసెంబరు 26న అంటార్కిటికాలో విన్సన్, 2022 జూన్ 5న అలాస్కాలో డెనాలి ఎక్కి ఏడు ఖండాల ఏడు శిఖరాలూ పూర్తి చేసింది. ఆమెకు ముందు ఈ దారిన నడిచిన తెలుగువాడు నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లోనే ఏడు శిఖరాలూ ఎక్కినవాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలాడు. అంత అనుభవం ఉన్న మనిషిని కూడా మంచు తీసుకుపోయింది. ఆ మాట చెప్పకుండా మంచు గురించి మాట్లాడటం సరికాదు.

కొండ ఎక్కేవాళ్ళు దిగి ఇంటికి వస్తారు. మంచులోనే పుట్టి మంచులోనే ముసలివాళ్ళయ్యేవాళ్ళ సంగతేమిటి?

ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, ఆల్ప్స్ కొండల్లో, ఇటలీ సరిహద్దు దగ్గర, కేరాస్ అనే లోయ ఉంది. అందులో సాన్-వెరాన్ అనే ఊరు 2,040 మీటర్ల ఎత్తున ఉంటుంది. యూరప్‌లో ఏడాది పొడవునా మనుషులుండే ఊళ్ళలో అత్యంత ఎత్తయిన వాటిలో ఇదొకటి. పాత ఇళ్ళన్నీ దక్షిణానికి ముఖం పెట్టి, ఎండ ఒక్క గడియ కూడా పోనీయకుండా కట్టినవి. అడుగున రాతి గోడలు, పైన లార్చ్ కలప. కింది గదిలో పశువులు, మనుషులు కలిసి చలికాలం గడిపేవారు. ఆవుల ఒంటి వేడే ఇంటికి పొయ్యి. మీది అంతస్తు నిండా ఎండుగడ్డి. అది పశువుల మేత, మనుషులకు చలి దిగకుండా కాపాడే కప్పు కూడా. కొట్టం మీద గడ్డి వామి వేసుకునే మన రైతుకు ఆ ఇంటి తీరు వెంటనే అర్థమవుతుంది.

అక్కడికి కొంత దూరంలో విల్లార్-దారేన్ అనే ఊరు. అక్కడ రై పిండితో రొట్టెలు ఏడాదికి ఒకసారే కాల్చుకునేవారు. నవంబరులో, ఊరంతా కలిసి, ఊరుమ్మడి పొయ్యిలో. పిండిని మరిగే నీళ్ళతో కలిపేవారు. కట్టెలు దొరకని ఎత్తులో ఇంటింటా రోజూ పొయ్యి రాజేస్తే అడవి మిగలదు కాబట్టి అందరి రొట్టెలకూ ఒకటే నిప్పు. ఆ రొట్టెలు నెలల తరబడి నిలవుండేవి. గట్టిపడ్డ రొట్టెను కత్తితో బలంగా కోసి, వేడి సూపులో నానబెట్టి తినేవారు. ఆ ఊరివాళ్ళు చలికాలాన్ని నవంబరులోనే జరిపేసుకునేవారని చెప్పాలి. మంచు పడ్డాక చేయగలిగింది తక్కువ. చేయవలసినదంతా అంతకు ముందే అయిపోవాలి.

ఇంకో లోయలో, వాల్‌గోదెమార్‌లో, లెజాన్‌డ్రియూ అనే పల్లె ఉంది. కొండ అడ్డం పడటంతో ఆ పల్లెకు చలికాలంలో దాదాపు వంద రోజులు సూర్యుడే కనిపించడు. ఫిబ్రవరి 10 ప్రాంతంలో మొదటి ఎండ పడగానే ఊరివాళ్ళు కోడిగుడ్ల అట్లు వేసి, సూర్యుడికి చూపించి, పండుగ చేసుకునేవారు. గుండ్రంగా, పచ్చగా ఉండే అట్టు. సంక్రాంతికి సూర్యుడు ఉత్తరానికి తిరిగాడని పిండివంటలు చేసుకునే మనకు వాళ్ళ సంబరం పరాయిది కాదు.

చలికాలమంతా ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. అందుకని ఆల్ప్స్ ఊళ్ళ మగవాళ్ళు మంచు పడకముందే కిందికి దిగి వలస పోయేవారు. సవాయ్ ప్రాంతపు పిల్లలు పారిస్ దాకా నడిచి పొగగొట్టాలు తుడిచేవారు. కొందరు మూట భుజాన వేసుకుని ఊరూరా సరుకు అమ్మేవారు. బ్రియాన్సన్, కేరాస్ లోయలవాళ్ళలో ఒక ప్రత్యేకత ఉంది. చదువుకున్నవాళ్ళు టోపీకి ఈకలు గుచ్చుకుని సంతల్లో నిలబడేవారు. ఒక ఈక ఉంటే చదవడం నేర్పుతాడు. రెండుంటే లెక్కలు కూడా. మూడుంటే లాటిన్ కూడా. మైదానాల ఊళ్ళవాళ్ళు వచ్చి బేరమాడి, చలికాలానికి పంతులుగా కుదుర్చుకుని పోయేవారు. గల్ఫ్ వీసా కోసం పాస్‌పోర్టు చేతపట్టుకుని కామారెడ్డి బస్టాండులో నిలబడే ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట యువకులకు ఆ పంతుళ్ళు దూరపు చుట్టాలే. ఇక్కడ నీళ్ళు లేక వలస, అక్కడ మంచు వల్ల వలస. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్ళు పశువులనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ చూసుకోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ కొండల్లోని షామొనీ అనే ఊళ్ళో 1924 జనవరి 25న మొదటి చలికాలపు ఒలింపిక్స్ మొదలయ్యాయి. అప్పటి నుంచి మంచు ఆ ఊళ్ళకు బతుకుతెరువైంది. అంతకు చాలా ముందు, 1808లో, అదే ఊరికి చెందిన మారీ పారాడీ అనే పేద పనిమనిషి మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కింది. ఆ శిఖరం ఎక్కిన మొదటి మహిళ ఆమె. కూలీల ఇంటి బిడ్డ పూర్ణకు, ఆమెకు నడుమ రెండు శతాబ్దాల పైచిలుకు కాలం ఉంది. దొరసానుల కంటే ముందు ఒక పనిమనిషి ఆ మంచు తొక్కిందన్న సంగతి తాడ్వాయి బడి పిల్లలకు చెప్పదగ్గది.

ఇవాళ అక్కడ కాపురం పెట్టేవాళ్ళకు ఆవుల వెచ్చదనం అక్కర్లేదు. కానీ ముందుచూపు అప్పటిలాగే కావాలి. పొయ్యిలో కాల్చే కట్టెలు ఏడాదిన్నర, రెండేళ్ళు ఆరి ఉండాలి, లేకపోతే పొగే తప్ప వేడి రాదు. అంటే వచ్చే ఏటి చలికి కాదు, ఆపై ఏటి చలికి కట్టెలు ఇప్పుడే కొట్టి పేర్చుకోవాలి. 2021 నుంచి ఫ్రాన్స్‌లో ఒక నియమం వచ్చింది. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా, గుర్తించిన కొండ ప్రాంతాల్లో తిరిగే కార్లకు చలికాలపు టైర్లుండాలి, లేదంటే చక్రాలకు కట్టే గొలుసులైనా వెంట ఉండాలి. పొద్దున లేవగానే గుమ్మం ముందు మంచు తోయడం, పక్కింటి ముసలామె గుమ్మం కూడా తోయడం కొత్తగా వచ్చినవాళ్ళు ముందు నేర్చుకునే పనులు.

ఇక మన వైపు చలి.

ఎల్లారెడ్డి దగ్గర, మెదక్ సరిహద్దులో, పోచారం ప్రాజెక్టు ఉంది. నిజాం కాలంలో, 1922 నాటికి, మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద కట్టినది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల పొలాలకు అదే ఆధారం. దాని చుట్టూ ఉన్న అభయారణ్యానికి ఏటా చలికాలంలో కొన్ని బాతులు వస్తాయి. వాటిలో ఒకదానికి తెల్లటి తల మీద రెండు నల్లటి అడ్డపట్టీలుంటాయి. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. మధ్య ఆసియాలోనూ, టిబెట్, లద్దాఖ్ సరస్సుల దగ్గరా గుడ్లు పెట్టి, చలి ముదరగానే హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే పక్షి. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు పరికరాలు కట్టి నమోదు చేశారు. ఇది మాత్రం చలితో కాపురం చేయకుండా చలిని వదిలి వస్తుంది. టిబెట్ చలికి ఓర్వలేక వచ్చిన పక్షికి పోచారం పుష్య మాసం వెచ్చని పుట్టిల్లు.

మనకు మాత్రం అదే పుష్యం వణికిస్తుంది. కామారెడ్డి జిల్లాలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగిన రోజులు కొత్త కాదు. హైదరాబాద్‌లో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. సముద్రానికి దూరం, పీఠభూమి ఎత్తు, ఉత్తరాది నుంచి వచ్చే పొడి గాలి, మబ్బు లేని ఆకాశం కలిసి ఈ చలిని తెస్తాయి. పగలంతా నేల పట్టిన వేడి రాత్రి తేలిగ్గా ఆకాశంలోకి పోతుంది. మబ్బుంటే అది దుప్పటిలా పట్టి ఉంచేది. అందుకే మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువ, చుక్కలు మెరిసే రాత్రి చలి ఎక్కువ. చల్లటి గాలి బరువు కాబట్టి పల్లానికి జారుతుంది. గుట్ట మీద తండాలో కంటే మంజీర ఒడ్డు పొలాల్లో తెల్లవారుజాము చలి ఎక్కువ అనిపించడానికి కారణం అదే.

ఈ చలిని మనుషుల కంటే ముందు పట్టించుకోవలసినది వరి నారు. యాసంగి నారు పోసేది సరిగ్గా చలి ముదిరే రోజుల్లోనే. విత్తనం ఒక రోజు నానబెట్టి, గోనె సంచిలో కట్టి, మీద వరిగడ్డి కప్పి మండె కడతారు. వానకాలంలో ఒక రోజుకే మొలక వచ్చే మండె చలికాలంలో రెండు రోజులు దాటుతుంది. అందుకని వెచ్చదనం పోకుండా గడ్డి మందంగా కప్పుతారు, గోరువెచ్చని నీళ్ళు చల్లుతారు. నారుమడిలో చలి తగిలిన నారు ఎదగదు, ఆకు ఎర్రబారుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మందు చాలా తేలికైనది. సాయంత్రం నారుమడి మీద కర్రలు పాతి పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేయాలి. రాత్రంతా నిలిచి చల్లబడ్డ నీటిని పొద్దున్నే తీసేసి కొత్త నీరు పెట్టాలి. బోరు నీళ్ళు చలికాలం పొద్దున కాలువ నీళ్ళ కంటే వెచ్చగా ఉంటాయి కాబట్టి బోరున్న రైతు నారు ముందు తేరుకుంటుంది. జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. సాన్-వెరాన్ రైతు తన ఆవు పక్కన పడుకున్నట్టే ఇక్కడి రైతు తన నారుకు దుప్పటి కప్పుతున్నాడు.

ఇదే చలి చెరకుకు మేలు చేస్తుంది. రాత్రులు చల్లబడితే గడలో తీపి పెరుగుతుంది. కామారెడ్డి బెల్లం మార్కెట్ పేరుమోసింది చలికాలపు గానుగల మీదే. తెల్లవారుజామున గానుగ దగ్గర పెనం కింద మంట, పైన ఉడికే రసం, చుట్టూ చేతులు కాచుకునే కూలీలు. చెరకు సాగు తగ్గి గానుగలు కూడా తగ్గిపోయాయి. ఇది బాధపడవలసిన సంగతే.

అంతకంటే బాధ కలిగించేది గొంగడి పోవడం. దక్కను నల్ల గొర్రె ఉన్నితో కురుమల ఇళ్ళలో తయారయ్యే గొంగడి ఈ నేల చలికి ఈ నేల మనుషులు కనిపెట్టుకున్న జవాబు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆడవాళ్ళు దాన్ని ఏకి, కదురు మీద వడుకుతారు. మగవాళ్ళు గుంట మగ్గం మీద నేస్తారు. పడుగు పోగులకు చింతగింజల గంజి పెడతారు. రంగు అక్కర్లేదు, గొర్రె రంగే గొంగడి రంగు. వాన చినుకు లోపలికి దిగదు. తడిసినా వెచ్చదనం పోదు. ఉన్ని పోగుల నడుమ చిక్కుకున్న గాలి వేడిని పట్టి ఉంచుతుంది. ఎవరెస్టు మీద పూర్ణ వేసుకున్న నడిమి పొర చేసే పని కూడా ఇదే. రాత్రంతా మంద దగ్గర చేనులో కాపలా పడుకునే గొర్రెలకాపరి దాన్ని తల మీద నుంచి కప్పుకుని, కప్పు, గోడ, పరుపు మూడూ తనతోనే మోసుకుపోయేవాడు.

ఇప్పుడు ఉన్ని గొర్రె తగ్గిపోయింది. మాంసం ఎక్కువ వచ్చే, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో నిండాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో కూడా బయటి రాష్ట్రాల నుంచి అలాంటి గొర్రెలే ఎక్కువగా వచ్చాయి. కాపరికి మాంసం మీద డబ్బు వస్తుంది. ఉన్ని కత్తిరించిన కూలి కూడా గిట్టని రోజుల్లో అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ సంతలో దొరికే పాలిస్టర్ రగ్గు నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, ఉన్ని అలా తేలిగ్గా అంటుకోదు. చలిమంట చుట్టూ కూర్చునే ఊళ్ళలో ఇది చిన్న తేడా కాదు.

చలిమంట గురించి ఒక హెచ్చరిక. ఆరుబయట నెగడు వేసుకుంటే ఊరు కలుస్తుంది, మాటలు సాగుతాయి, మంచిదే. బొగ్గుల కుంపటిని మాత్రం తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోకూడదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ప్రతి చలికాలమూ దేశంలో ఎక్కడో ఒక కుటుంబం ఇలా పోతూనే ఉంది. గది వెచ్చబెట్టుకోవాలంటే పడుకోకముందే కుంపటి బయట పెట్టి, గదిలో గాలి మారనివ్వాలి. పెద్దవాళ్ళకు ఇంకో సంగతి. చలికి రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకోవడం, ఎండ రాకముందే వాకింగుకు పోవడం మానుకుంటే మేలు. అప్పుడే పుట్టిన పిల్లల్ని తల్లి ఒంటికి ఆనించి, రెండు ఒళ్ళూ కలిపి కప్పాలి. అంతకు మించిన కుంపటి లేదు.

తిండి విషయంలో పెద్దవాళ్ళకు తెలియని సంగతి లేదు. జొన్నరొట్టె, అప్పుడే కోసిన అనపకాయల గింజలతో కూర, మక్క గటక, నువ్వులు బెల్లం కలిపిన ఉండలు, సంక్రాంతికి సకినాలు. నువ్వుల్లో నూనె ఎక్కువ, బెల్లంలో చక్కెర ఎక్కువ. ఒళ్ళు వేడి పుట్టించుకోవడానికి కావలసినవి ఆ రెండే. కొండ మీద పూర్ణ బృందానికి ప్యాకెట్లలో మోసుకుపోయిన తిండికీ, అమ్మమ్మ డబ్బాలో దాచిన నువ్వుల ఉండకూ పని ఒకటే.

మళ్ళీ తాడ్వాయి లాంటి బడుల దగ్గరికి రావాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, గాంధారి, బాన్సువాడ ప్రాంతాల్లో వేల మంది పిల్లలు గురుకులాల్లో, హాస్టళ్ళలో చలికాలం గడుపుతారు. వాళ్ళలో ఎక్కువమంది తండాల నుంచి, కూలీల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఇద్దరు పిల్లల్ని ఎవరెస్టుకు పంపినప్పుడు వాళ్ళ బూటు నుంచి తొడుగు దాకా, తిండి నుంచి నిద్ర సంచి దాకా ఒక్కోటి లెక్క చూసి సమకూర్చారు. వాళ్ళు క్షేమంగా తిరిగి రావడానికి వాళ్ళ ధైర్యం ఎంత కారణమో ఆ లెక్క కూడా అంతే కారణం. పుష్య మాసపు రాత్రి తొమ్మిది డిగ్రీల చలిలో నేల మీద చాప పరుచుకుని పడుకునే ఆరో తరగతి పిల్లకు కూడా అలాంటి లెక్కే కావాలి. కింద ఒక పరుపు. పైన ఒకటికి రెండు దుప్పట్లు. పగిలిన కిటికీకి రెక్క. స్వెటరు, సాక్సులు. పొద్దున స్నానానికి వేణ్ణీళ్ళు, తాగడానికి వేడిగా ఏదైనా ఒకటి. ఆస్తమా ఉన్న పిల్లల పేర్లు వార్డెన్ దగ్గర రాసి ఉండాలి.

దీనికి జనవరి దాకా ఆగితే ఆలస్యమవుతుంది. విల్లార్-దారేన్ ఊరివాళ్ళు రొట్టెలు నవంబరులో కాల్చినట్టు మన దగ్గర ఈ పని దసరాకే మొదలవ్వాలి. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లల్ని తల్లిదండ్రులు కూర్చోబెట్టుకుని రాత్రిపూట ఏం కప్పుకుంటున్నారో, కిటికీ మూతపడుతుందో లేదో అడగాలి. చెప్పింది కాగితం మీద రాసి, సెలవులయ్యాక బడిలో దింపేటప్పుడు ప్రిన్సిపాల్ చేతికివ్వాలి. ఊళ్ళో కురుమల ఇంట మగ్గం ఇంకా ఆడుతుంటే, ఉన్ని గొర్రెలు ఇంకా మందలో ఉంటే, ఇప్పుడే వెళ్ళి ఒక గొంగడికి చెప్పి బయానా ఇచ్చి రావాలి. ఉన్ని వడికి, గంజి పెట్టి, నేసి చేతికి రావడానికి రోజులు పడుతుంది.